ఇంటి కంప్యూటరులో ప్రాసెసరు మార్పు

కొన్ని నెలల క్రిందట ఒక ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుడు తన ఇంటి కంప్యూటరు పెట్టెను గోనెసంచిలో చుట్టి, స్కూటరుమీద పెట్టుకొని మా యింటికి వచ్చెను. 2017వ సంవత్సరములో కుమార్తె చదువు కొరకు కొన్న యంత్రమది. ఇప్పుడు ఆయన దానిపైననే ప్రశ్నపత్రములు తయారుచేయును. పదవ తరగతి పిల్లలకు పాఠములను వీడియోలుగా కూర్చి పంపును. మీట నొక్కిన తరువాత అది పనికి సిద్ధమగులోపల కాఫీ కాచుకొని త్రాగి రావచ్చునట. "మాస్టారూ, ప్రాసెసరు మార్చేస్తే కొత్తదానిలా పరుగెడుతుందన్నారు. ఇదిగో, తెచ్చాను, కాస్త బిగించి పెట్టండి" అనుచు జేబులోనుండి అగ్గిపెట్టెంత పొట్లమును తీసి బల్లపై పెట్టెను. దానిమీది అక్షరములు చదువగానే ఆయన సొమ్ము వృథా అయినదని తెలిసినది. ఆ ప్రాసెసరు ఆ యంత్రములో చక్కగా కూర్చొనును, కాని పనిచేయదు. ఒకవేళ పనిచేసినను ఆయన బాధ తీరెడిది కాదు. ఈ రెంటికిని కారణములు వేరు. బాధ తీరకపోవుటకు గల కారణమును ముందు చూతము. అందులో విజ్ఞానశాస్త్రము ఎక్కువగా ఉన్నది.

ఆయన యంత్రములోనిది ఇంటెల్ కోర్ ఐ3-7100 అను ప్రాసెసరు. అందు రెండు కోరులు, అనగా ఒకదానితో నొకటి సంబంధము లేకుండ లెక్కలు చేయగల రెండు భాగములు కలవు. దాని గడియారపు వేగము 3.9 గిగాహెర్ట్జులు, అనగా సెకనుకు 390 కోట్ల స్పందనములు. ఒక స్పందనమునకు పట్టు కాలము సెకనులో నూరుకోట్లవ వంతునకు నాలుగవ భాగము మాత్రమే. ఆ కాలములో వెలుతురు సైతము ఎనిమిది సెంటిమీటర్లు దాటి పోజాలదు. ఇంత వేగముగల వస్తువు ఒక ఉత్తరమును తెరచుటకు అరనిమిషము ఏల తీసికొనును?

ఏలన, అది లెక్క చేయుటలేదు. లెక్కకు కావలసిన సామగ్రి కొరకు ఎదురుచూచుచున్నది. ప్రాసెసరు తనలోనే కొంత చిన్న నిలువను ఉంచుకొనును. దీనిని క్యాషి అందురు. ఇందులో అతి సమీపముగా నున్న భాగమునుండి అంకెను తెచ్చుకొనుటకు సుమారు ఒక నానోసెకను, అనగా సెకనులో నూరుకోట్లవ వంతు పట్టును. మదరుబోర్డుపై నిలువుగా గ్రుచ్చిన ర్యాము పలకనుండి తెచ్చుకొనుటకు దాదాపు నూరు నానోసెకనులు. ఘనస్థితి డిస్కు, అనగా ఎస్.ఎస్.డి. నుండియైనచో దాదాపు పదవవంతు మిల్లిసెకను. గుండ్రముగా తిరుగు పాత హార్డు డిస్కు నుండియైనచో ఎంత? ఈ లెక్కను విద్యార్థులే చేయవచ్చును. ఆ డిస్కు నిమిషమునకు 7200 చుట్లు తిరుగును. కావున సెకనుకు 120 చుట్లు, ఒక చుట్టుకు 8.3 మిల్లిసెకనులు. కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు ఆగవలెను; అది 4.2 మిల్లిసెకనులు. సూదిని మోయు చేయి సరియైన వలయము కడకు జరుగుటకు సుమారు మరి 9 మిల్లిసెకనులు. మొత్తము 13.

మిల్లి, నానో అనిన మనస్సునకు పట్టవు. నానోసెకనును ఒక సెకనుగా సాగదీసి చూతము. అప్పుడు క్యాషినుండి అంకె తెచ్చుకొనుట బల్లమీది కాగితమును అందుకొనుట వంటిది, ఒక సెకను. ర్యాము నుండియైనచో ప్రక్కగదిలోనికి పోయి వచ్చినట్లు, నూరు సెకనులు. ఎస్.ఎస్.డి. నుండియైనచో ఒక లక్ష సెకనులు. ఇరువదియెనిమిది గంటలకు కొంచెము తక్కువ. హార్డు డిస్కు నుండియైనచో కోటి ముప్పది లక్షల సెకనులు, అనగా నూటయేబది దినములు! సంక్రాంతికి వ్రాసిన ఉత్తరమునకు ఆషాఢములో జవాబు వచ్చినట్లు. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను జవాబు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. అట్టి గుమాస్తాను తీసివేసి అంతకు రెట్టింపు చురుకైనవానిని పెట్టిన యెడల లాభమేమి?

ఆ లాభమెంతయో లెక్కగట్టు పద్ధతిని జీన్ ఆమ్డాల్ అను అమెరికను కంప్యూటరు నిర్మాత 1967లో ఒక సభలో సూచించెను. ఐ.బి.ఎం. వారి సిస్టం 360 యంత్రముల రూపకల్పనలో ముఖ్యుడాయన. ఆయన ఆనాడు చెప్పినది అనేక ప్రాసెసర్లను ఒకే పనిలో పెట్టుటను గూర్చి. కాని దాని సారము ఏ పనికైనను వర్తించును. ఒక పనిలో కొంత భాగమును మాత్రమే త్వరపరచగలిగినచో, మిగిలిన భాగము మొత్తము లాభమునకు హద్దు గీయును. ఒక కంప్యూటరు సిద్ధమగుటకు 50 సెకనులు పట్టుననియు, అందు 35 సెకనులు డిస్కు కొరకు ఎదురుచూపు, 15 సెకనులు ప్రాసెసరు చేయు లెక్క అనియు అనుకొందము. రెట్టింపు వేగముగల ప్రాసెసరును తెచ్చిపెట్టితిమి. 15 సెకనులు ఏడున్నర అయినవి, మొత్తము నలుబదిరెండున్నర. పెట్టిన సొమ్మునకు వచ్చినది నూటికి పదునైదు వంతుల లాభము. అనంతమైన వేగము గల ప్రాసెసరు దొరికినను 35 సెకనులు తప్పవు. దానికి బదులు పాత ప్రాసెసరునే ఉంచి, డిస్కును మార్చి 35 సెకనులను 5కు తగ్గించినచో మొత్తము 20 సెకనులే. రెండున్నర రెట్లు! ఈ అంకెలు ఉదాహరణకు వేసికొన్నవే. ఎవరి యంత్రమునకు వారు కొలిచి చూచుకొనవలెను.

కొలుచుట కష్టము కాదు. విండోస్‌లో టాస్కు మేనేజరు అను పుటను తెరచినచో ప్రాసెసరు, ర్యాము, డిస్కు ఒక్కొక్కటి నూటికెంత పనిచేయుచున్నదో ఎప్పటికప్పుడు కనబడును. యంత్రము మందగించిన క్షణమున దానిని చూడవలెను. మన ఉపాధ్యాయుని యంత్రములో అప్పుడు డిస్కు నూటికి నూరు, ప్రాసెసరు ఇరువదికి లోపల. ర్యాము 4 జీబీ మాత్రమే, అదియు నిండిపోయినది. ర్యాము నిండినప్పుడు యంత్రము అందులోని కొంత సరుకును తీసి డిస్కుమీద దాచును. మరల కావలసినప్పుడు తెచ్చుకొనును. అనగా ప్రక్కగదిలో ఉండవలసిన వస్తువు నూటయేబది దినముల దూరమునకు పోయినదన్నమాట. వైద్యుడు నాడి చూడకముందే మందు కొనిన రోగి వంటివాడు మన మిత్రుడు.

అట్లని ప్రాసెసరు మార్పు ఎన్నటికిని పనికిరాదని కాదు. ఆయన వీడియో పాఠములను కూర్చునప్పుడు టాస్కు మేనేజరును మరల చూచితిమి. ఈసారి డిస్కు తీరికగా ఉన్నది. ప్రాసెసరు నూటికి నూరు! వీడియోలోని చిత్రములను కుదించుటకు లెక్క విస్తారముగా చేయవలెను, ఆ లెక్కను ముక్కలుచేసి కోరులకు పంచియిచ్చుటకు వీలున్నది. పది నిమిషముల పనిలో తొమ్మిది నిమిషముల భాగము ఇట్లు పంచదగినదైనచో, రెండు కోరుల స్థానమున అదే శక్తిగల ఆరు కోరులను పెట్టగా ఆ తొమ్మిది మూడగును. పంచరాని ఒక నిమిషముతో కలిసి నాలుగు. ఇచ్చట ప్రాసెసరుకు పెట్టిన సొమ్ము సార్థకము. ఆమ్డాల్ చెప్పిన లెక్క ఇదే.

కోరుల సంఖ్య పెంచుటయే నేటి మార్గమైనదేమి, గడియారపు వేగమునే పెంచరాదా అని విద్యార్థులు అడుగుదురు. మంచి ప్రశ్న. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసరులో 2,300 ట్రాన్సిస్టర్లు. వేగము 740 కిలోహెర్ట్జులు. 2000వ సంవత్సరములో వేగము ఒక గిగాహెర్ట్జు అయినది. 2004లో పెంటియమ్ 4 అను ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జులకు చేరెను. నాలుగు గిగాహెర్ట్జుల పెంటియమును తెత్తుమని ముందు చెప్పిన ఇంటెల్ వారు ఆ యేడే ఆ యత్నమును మానుకొనిరి. పదుమూడేండ్ల తరువాత వచ్చిన మన ఐ3 వేగము 3.9 మాత్రమే యని గమనింపుడు. అడ్డుపడినది వేడిమి. ట్రాన్సిస్టర్లు మాటిమాటికి తెరచుకొని మూసికొనుటలో ఖర్చగు విద్యుచ్ఛక్తి వాటి ధారణశక్తికిని, వోల్టేజి వర్గమునకును, గడియారపు వేగమునకును గల లబ్ధమునకు అనుపాతములో నుండును. వేగమును నూటికి పది పెంచుటకు వోల్టేజిని కూడ పది పెంచవలసి వచ్చెననుకొందము. 1.1 ఘనము 1.331, పదివంతుల వేగమునకు ముప్పదిమూడు వంతుల వేడిమి! కావున 2005 మొదలు నిర్మాతలు ఒకే పలుకుపై రెండు కోరులు, తరువాత నాలుగు, ఆరు, ఎనిమిది అమర్చుచు వచ్చిరి. ఒక్కొక్క స్పందనములో చేయు పనిని కూడ పెంచిరి. అందుచేతనే గిగాహెర్ట్జుల అంకె ఒక్కటే చూచి రెండు ప్రాసెసర్లను పోల్చుట పొరపాటు. దుకాణములలో ఈ పొరపాటు నేటికిని జరుగుచునే యున్నది.

ఇక పొట్లములోని ప్రాసెసరు సంగతి. అది కోర్ ఐ3-8100. నాలుగు కోరులు గలది. మన మిత్రుని మదరుబోర్డుపై ప్రాసెసరు కూర్చొను గద్దె పేరు ఎల్.జి.ఏ. 1151, అనగా 1151 స్పర్శబిందువులు గలది. ఐ3-8100 గద్దె పేరు కూడ అదే, బిందువుల సంఖ్య అదే, కొలతలు అవే. ఇది చూచియే అమ్మినవారు అమ్మిరి, కొన్నవారు కొనిరి. కాని 2017 చివర వచ్చిన ఈ 8వ తరములో కోరులు పెరిగినందున, మునుపు ఖాళీగా విడిచిన కొన్ని బిందువులను విద్యుత్తు తెచ్చుటకు కేటాయించిరి. దానికి తగినట్లు 300 శ్రేణి మదరుబోర్డులను వేరుగా చేసిరి. పాత బోర్డుపై పెట్టినచో తెర నల్లగా ఉండును. మన మిత్రుడు తిరిగి ఇచ్చుటకు పోగా విప్పిన సరుకు తీసికొనమనిరట. ఇప్పుడు అది మా కళాశాలలో విద్యార్థులకు భూతద్దము క్రింద చూపు వస్తువైనది.

ఆ బోర్డుపై పనిచేయగల మేటి ప్రాసెసరు లేకపోలేదు. కోర్ ఐ7-7700, నాలుగు కోరులు, ఎనిమిది పనులను పంచుకొనగలది, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులలో వాడిన సరుకుగా దొరకవచ్చును. కాని దానిని కొనువారు ఇంకొక సంగతి ఎరుగవలెను. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారు ఉచిత రక్షణ సవరణలను 2025 అక్టోబరు 14న ముగించిరి; ఇండ్లలో వాడువారికి నమోదుపై మరియొక యేడు, 2026 అక్టోబరు 13 వరకు, పొడిగింపు నిచ్చిరి. విండోస్ 11కు వారు అంగీకరించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరముతో ప్రారంభమగును. ఐ7-7700 ఏడవ తరమునది. శక్తిలో ఐ3-8100కు ఏమాత్రము తీసిపోనిదే. ఐనను జాబితాలో లేదు. కావున దానికి వెచ్చించు సొమ్ము, విండోస్ దృష్టిలో, గడువు తీరిన ఇంటికి సున్నము కొట్టించుట వంటిది. లినక్సు వాడుకొనువారికి ఈ చిక్కు లేదు.

అదే 2017లో అదే వీధిలో ఇంకొకరు ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 1600 గల యంత్రమును కొనియుండిరనుకొందము. దాని గద్దె పేరు ఏ.ఎం.4. రైజెన్ 1600 కూడ విండోస్ 11 జాబితాలో లేదు. కాని ఆ గద్దెను ఏ.ఎం.డి. వారు అనేక తరములకు కొనసాగించిరి. 2022లో పాత 300 శ్రేణి బోర్డులకు సైతము రైజెన్ 5000 ప్రాసెసర్లను అనుమతించు సవరణలు వచ్చినవి. అందుచేత ఆ రెండవ ఇంటివారు బోర్డును, ర్యామును అట్లే ఉంచి రైజెన్ 5 5600ను పెట్టుకొని జాబితాలోనికి ఎక్కవచ్చును. ఇద్దరును ఒకే యేడు కొనిరి. ఒకరికి దారి ఉన్నది, మరియొకరికి లేదు. కొననాడు ప్రాసెసరును చూచినంత శ్రద్ధగా గద్దెను చూచువారు అరుదు.

ఐతే ఈ రెండవ ఇంటివారికిని రెండు మెళకువలు కావలెను. బోర్డుమీది బయోసు, అనగా మీట నొక్కగానే మొట్టమొదట మేల్కొను ఆదేశముల సముదాయము, క్రొత్త ప్రాసెసరును గుర్తుపట్టవలెను. దానిని సవరించుటకు యంత్రము నడువవలెను. నడచుటకు పాత ప్రాసెసరు ఉండవలెను. కావున ముందు సవరణ, తరువాత మార్పు. తలక్రిందులు చేసినవారు చిక్కుపడుదురు. సవరణ జరుగునప్పుడు కరెంటు పోయినచో బోర్డే మూగవోవచ్చును. మన ఊళ్ళలో ఈ పనిని యు.పి.ఎస్. లేనిదే తలపెట్టరాదు. రెండవది, రైజెన్ 1600 గాని 5600 గాని తెరకు బొమ్మనిచ్చు భాగమును తనలో ఉంచుకొనలేదు. వేరుగా గ్రాఫిక్సు కార్డు ఉండితీరవలెను. 5600జి అను రకములో మాత్రము అది కలదు.

క్రొత్త ప్రాసెసరు వచ్చినచో వేడిమి లెక్క మారును. దీనిని విద్యార్థులు ఓము నియమముతో పోల్చి సులభముగా గ్రహింతురు. అచ్చట వోల్టేజి భేదము ఎట్టిదో ఇచ్చట ఉష్ణోగ్రతా భేదము అట్టిది. ప్రవాహమునకు బదులు వేడిమి, అనగా వాట్లు. నిరోధమునకు బదులు ఉష్ణనిరోధము. చల్లార్చు లోహపు రెక్కలకు, ఫ్యానుకు కలిపి నిరోధము వాటుకు 0.6 డిగ్రీలనుకొందము. 51 వాట్ల ఐ3 గది వేడిమికంటె సుమారు 31 డిగ్రీలు పైన ఉండును. 65 వాట్ల ఐ7 ఐనచో 39 డిగ్రీలు పైన. గది 25 డిగ్రీలున్నచో 64. రెంటచింతలలోనో రామగుండములోనో వేసవిలో గది 40 డిగ్రీలైనచో 79. పైగా రెక్కలలో ఏడేండ్ల దుమ్ము పేరుకొనియున్న యెడల నిరోధము 0.6 వద్ద నిలువదు. ఈ ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీలకు చేరినచో తమ్ము తాము కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. కొన్న వేగము కొంతసేపు మాయమగును. కొందరి యంత్రములకు క్రొత్త ప్రాసెసరు కంటె ఒక మెత్తని కుంచె ఎక్కువ మేలు చేయును.

ప్రాసెసరునకును లోహమునకును నడుమ పూయు లేపనము కూడ ఇందుకే. రెండు లోహపు తలములు కంటికి నున్నగా కనబడినను వాటి నడుమ గాలి చిక్కుకొనియే ఉండును. గాలి ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.026 వాట్లు, రాగికి దాదాపు 400. పదునైదువేల రెట్ల తేడా! లేపనము రాగికి సాటిరాదు, గాలికంటె మాత్రము నూటికి పైగా రెట్లు మేలు. కనుక అది గాలిని తరుముటకే గాని దళసరిగా పూయుటకు కాదు. బఠాణి గింజంత చాలును.

మన మిత్రుని యంత్రమునకు చివరకు ఏమి చేసితిమి? ఆ బోర్డుపై ఎం.2 గాడి లేదు. కావున సాటా తీగతో కలుపు ఎస్.ఎస్.డి.ని పెట్టితిమి. సాటా మార్గము సెకనుకు 600 మెగాబైట్లకు మించి మోయలేదు, ఎం.2 గాడిలోని ఎన్.వి.ఎం.ఇ. రకము దానికి ఆరేడు రెట్లు మోయగలదు. ఐనను నూటయేబది దినములు ఒక దినము చిల్లర అగుటలోనే లాభమంతయు ఉన్నది. ర్యాముకు జతగా అదే జాతి 4 జీబీ పలకను రెండవ గాడిలో పెట్టితిమి. డి.డి.ఆర్.4 రకము పలక సెకనుకు 240 కోట్ల మారులు, మారునకు 8 బైట్లు చొప్పున, 19.2 గిగాబైట్లు అందించును. రెండు గాడులలో రెండున్నచో రెండు దారులు తెరచుకొని 38.4. డి.డి.ఆర్.5 పలకకు కూడ కాళ్ళు 288యే, కాని నొక్కు వేరుచోట నుండుటచేత ఈ గాడిలో దిగదు; బలవంతము చేయరాదు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ యంత్రశాలల గిరాకీవలన ర్యాము ధరలు బాగుగా ఎగబ్రాకినవి. కావున కొననాడు రెండు మూడు చోట్ల విచారింపవలెను. ఇంతయు పెట్టి లినక్సును ఎక్కించితిమి. వీడియోల పని మాత్రము మునుపటివలెనే నిదానము. దానిని ఆయన రాత్రి నిద్రకు ముందు అప్పగించి ఉదయమున తీసికొనుచున్నాడు.

విప్పి చేయదలచినవారికి నాలుగు మాటలు. గోడమీది స్విచ్చు ఆర్పి తీగను ఊడదీసి, లోహపు పెట్టెను చేతితో తాకి, ఒంటిమీది స్థిరవిద్యుత్తును వదలించుకొనవలెను. మన చర్మమునకు చురుక్కుమని తెలియుటకు సుమారు 3,000 వోల్టులు కావలెను. అందులో పదవవంతుకే కొన్ని సున్నితమైన భాగములు చెడును. ఏ.ఎం.4 ప్రాసెసర్లకు సన్నని కాళ్ళు 1331 ప్రాసెసరునకే ఉండును. ఏండ్ల తరబడి ఎండిన లేపనము జిగురువలె పట్టియుండుటచేత, చల్లార్చు రెక్కలను నేరుగా పైకి లాగినచో ప్రాసెసరు కూడ గద్దెనుండి ఊడివచ్చి కాళ్ళు వంగును. పది నిమిషములు యంత్రమును నడిపి వేడెక్కించి, ఆర్పి, రెక్కలను అటునిటు మెల్లగా త్రిప్పి తీయవలెను. ఇంటెల్ గద్దెలలో సూదులు బోర్డునందే ఉండును. వాటిని వ్రేలితో తాకరాదు.

ఇంకొకటి, పలువురు మరచునది. విండోస్‌లో బిట్‌లాకర్ అను తాళము వేసియున్నచో, దాని తాళపుచెవిని కాపాడు భాగము చాలా యంత్రములలో ప్రాసెసరుతో ముడివడియుండును. ప్రాసెసరును తీసివేసినచో చెవి దానితోనే పోవును. క్రొత్త ప్రాసెసరుతో యంత్రము మేల్కొని నలుబదియెనిమిది అంకెల రక్షణసంఖ్యను అడుగును. మార్పునకు ముందే తాళమును నిలిపివేసి, ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసికొని, ఫోటోలు, పాఠములు వేరొక డిస్కులోనికి ఎత్తి ఉంచవలెను. మొదటిసారి మీట నొక్కినప్పుడు ర్యామును పరీక్షించుకొనుచు తెర ఒకటి రెండు నిమిషములు నల్లగా ఉండవచ్చును. కంగారుపడి కరెంటు తీయరాదు.